కొత్త గుడ్డ వేయించినా ప్లేయర్ పియానో ఆపకుండా తొక్కాల్సి వస్తుంటే

ప్లేయర్ పియానో అంటే పెడళ్ళు తొక్కితే, రంధ్రాలున్న కాగితపు చుట్ట (రోల్) ప్రకారం తనంతట తానే వాయించే పియానో. దాంట్లో నోట్లు కొట్టే 88 చిన్న తిత్తులకూ కొత్త గుడ్డ వేయించాక కూడా, గబగబా తొక్కితే గానీ రోల్ మోగడం లేదని అడిగారు. ఆ గుడ్డ పని అవసరమే, కానీ మీ లీకు అక్కడ లేదు. చిన్న తిత్తిలోంచి యంత్రం గాలి లాగేది నోటు మోగేటప్పుడు మాత్రమే. మిగతా సమయమంతా అది బయటిగాలికి తెరుచుకునే ఉంటుంది. తొక్కుతున్నంతసేపూ వాక్యూమ్‌లో ఉండేవి పెడల్ తిత్తులు, వాక్యూమ్‌ను నిలిపి ఉంచే పెద్ద తిత్తి (రిజర్వాయరు), లావు గొట్టాలు, చిన్న తిత్తులకు గాలి దారి మార్చే వాల్వులుండే పై చెక్కపెట్టె. అక్కడ వెతకండి.

ముందు పంపు, అంటే పెడల్ తిత్తులు, రిజర్వాయరు. దాన్నుంచి పైకి వెళ్ళే గొట్టాలన్నీ ఊడదీసి, పంపు వైపు మూతులకు రబ్బరు బిరడాలు పెట్టండి. నాలుగైదుసార్లు తొక్కేసరికి పెడల్ గట్టిపడాలి. కాలు తీశాక రిజర్వాయరు మళ్ళీ తెరుచుకోవడానికి 20 సెకన్లయినా పట్టాలి, అంతకన్నా తక్కువైతే నేను ఒప్పుకోను. త్వరగా తెరుచుకుంటే గుడ్డ మడతల మూలలు, గాలిని ఒకవైపే పోనిచ్చే లోపలి తోలు పట్టీలు చూడండి. తోలు ఎండి వంకర తిరిగితే, రిజర్వాయరు నుంచి లాగిన గాలి కాలు ఎత్తగానే తిరిగి దాంట్లోకే వస్తుంది.

పంపు బాగుంటే గొట్టాలు తగిలించి, రోల్ తీసేసి, రోల్ జారుతూ వెళ్ళే పట్టీ (ట్రాకర్ బార్) రంధ్రాలన్నిటి మీదా మాస్కింగ్ టేపు అంటించండి. టెంపో (రోల్ వేగం) 0 దగ్గర పెట్టి, లీవర్ 'ప్లే'లో ఉంచి తొక్కండి. ఇప్పుడు రిజర్వాయరు చప్పున తెరుచుకుంటే లోపం పైపెట్టెలోనో, దాని గొట్టాల్లోనో ఉన్నట్టు. ఒకరు తొక్కుతుంటే మీరు సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొసను అతుకుల వెంట జరపండి. బుస్సుమన్న చోట మరమేకును పావు తిప్పు చొప్పున చేత్తోనే బిగించండి. పవర్ డ్రైవర్ పెడితే పాత చెక్కలో మర పట్టు పోతుంది.

అతుకులన్నీ నిశ్శబ్దంగా ఉన్నా లీకు ఆగకపోతే వాల్వులే కారణం, ఎక్కువసార్లు తేలేది ఇదే. ఒక్కో వాల్వు తోలు గట్టిపడి రవ్వంత గాలి వదిలినా, 88 కలిస్తే మీ కాళ్ళు చాలవు. తోళ్ళు మార్చి, వాల్వు కదలికను సుమారు 0.8 మి.మీ. దగ్గర ఉంచండి. మరీ తగ్గితే తిత్తి నెమ్మదిగా ముడుచుకుంటుంది, పెరిగితే గాలి వృథా.

ట్రాకర్ బార్ నుంచి వాల్వుకు వెళ్ళే సన్న గొట్టం పగిలితే లక్షణం వేరు: ఆ నోటు తనంతట తానే మోగుతుంది.

చివరిగా జిగురు. గుడ్డకు, తోలుకు వేడిచేసి వాడే చర్మపు జిగురే వాడమనండి. తడి, వేడి తగిలితే ఊడుతుంది కాబట్టి మళ్ళీ విప్పొచ్చు. సిలికాన్ పూస్తే చెక్కలోకి ఇంకిపోయి తర్వాత ఏ జిగురూ పట్టదు. పాత పియానోకు అంతకుమించిన నష్టం లేదు.