ఎయిర్‌బ్రష్ కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్లాస్టిక్ విమాన బొమ్మలకి గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొంటానని నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అన్నీ ఎయిర్‌బ్రష్‌లే, దానికి గాలి కొట్టే కంప్రెసర్ ఊసు ఒక్కదాంట్లోనూ లేదు! పెట్టబోయే డబ్బులో సగానికి పైగా కంప్రెసర్‌కే పక్కన పెట్టు. గాలి నిలకడగా వస్తే ఓ మోస్తరు బ్రష్‌తోనైనా రంగు బాగానే పడుతుంది. గాలి ఆగి ఆగి వస్తే ఎంత ఖరీదైన బ్రష్ పట్టుకున్నా చుక్కలే.

కేకులకీ గోళ్లకీ అమ్మే చిన్న బ్యాటరీ సెట్ల జోలికి పోకు. వాటికి ట్యాంకు ఉండదు. మూడు లీటర్ల ట్యాంకు, ప్రెజర్ తగ్గించి పెంచే రెగ్యులేటర్, తేమ పట్టే ఫిల్టర్ ఉన్న చిన్న పిస్టన్ కంప్రెసర్ చాలు. ట్యాంకు నిండగానే దానంతటదే ఆగాలి, ప్రెజర్ తగ్గగానే మళ్లీ అందుకోవాలి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసిస్తామని ఎవరైనా అంటే వినకు. చప్పుడుండదు, నిజమే. కానీ గాలితో పాటు నూనె కూడా వస్తుంది, నూనె పడినచోట రంగు పట్టదు. ఫిల్టర్ అవసరం నీకన్నా నాకే ఎక్కువ. విశాఖలో వానాకాలం ట్యాంకు అడుగున మర తిప్పితే నీళ్లు చిమ్ముతాయి.

ఇక బ్రష్. డబుల్ యాక్షన్, పైన కప్పు ఉన్న రకం తీసుకో. ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. కింద సీసా వేలాడే రకానికి రంగు ఎక్కువ పోయాలి, మన పని చాలాసార్లు పది చుక్కలతో అయిపోతుంది. నాజిల్, అంటే రంగు బయటికొచ్చే మొన రంధ్రం, 0.3 లేదా 0.35 మిల్లీమీటర్లు ఉంటే చాలు. 0.2 అయితే సన్నటి గీతలు వస్తాయని నీ ఆశ. వస్తాయి, దాంతో పాటు మాటిమాటికీ మూసుకుపోవడం కూడా వస్తుంది. గీత సన్నబడేది ముఖ్యంగా పల్చటి రంగు వల్ల, తక్కువ ప్రెజర్ వల్ల, చెయ్యి దగ్గరగా పట్టడం వల్ల.

చవక బ్రష్‌లలో చాలావాటికి నాజిల్ బియ్యపుగింజంత ఉంటుంది, స్పానర్‌తో మర బిగించాలి. ఒక్క పిసరు ఎక్కువ తిప్పితే చీలిపోతుంది. ఇవాటా ఎక్లిప్స్, హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఎవల్యూషన్ లాంటివాటిలో ఆ మర గొడవ లేదు, నాజిల్ ఊరికే కూర్చుంటుంది. ఖరీదే, కానీ కొత్తవాడికి ఆ ఒక్క సుఖం కోసమే కొనొచ్చంటాను. రంగు కొడుతుండగా కప్పులో బుడగలు లేచాయంటే ముందు అనుమానించాల్సింది నాజిల్‌నే. చీలి ఉంటుంది, లేదా సరిగా కూర్చుని ఉండదు.

అసలు పనితనమంతా రంగు పలచన చేయడంలో ఉంది. టామియా కంపెనీ ఎక్స్‌ఎఫ్ రంగుకి వాళ్ల ఎక్స్-20ఏ థిన్నర్ సమానంగా కలిపి మొదలుపెట్టు, చాలాసార్లు థిన్నరే కాస్త ఎక్కువ పడుతుంది. వల్లెహో కంపెనీది నీళ్ల రంగు. దాంట్లో టామియా వాళ్ల ఆల్కహాల్ థిన్నర్ పోశావా, కప్పులోనే ముద్దకడుతుంది. ఏ కంపెనీ రంగుకి ఆ కంపెనీ థిన్నరే వాడు. కొలతల మీద మరీ నమ్మకం పెట్టుకోకు, సీసా సీసాకీ చిక్కదనం మారుతుంది. కలిపాక పుల్లతో ఒక చుక్క కప్పు గోడ మీదికి లాగి చూడు. చుక్క కిందికి జారుతూ వెనకాల పల్చటి పొర వదిలితే సరిపోయింది. అక్కడే అంటుకుని బద్ధకంగా దిగుతుంటే ఇంకాస్త థిన్నర్ పొయ్యి. పొర అన్నదే లేకుండా గోడ మెరిసిపోతుంటే రంగు తగ్గిందన్నమాట.

ప్రెజర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ. ట్రిగ్గర్ నొక్కి గాలి పోతుండగా చూసి పెట్టుకో, ఊరికే ఉన్నప్పుడు ముల్లు ఎక్కువ చూపిస్తుంది. రంగు కాలువలు కట్టి పక్కలకి పారితే మరీ పలచనైంది, లేదా మరీ దగ్గరగా కొట్టావు. ఆరాక గరగరలాడితే దూరం ఎక్కువైంది, రంగు గాలిలోనే ఎండిపోతోంది. మీ హైదరాబాదు ఎండలకి అసలు టెన్షన్ అదే. రంగు నాజిల్‌లో ఉండే సూది మొన మీదే గట్టిపడుతుంది, ధార ఆగి ఆగి ఒక్కసారిగా ఉమ్ముతుంది. రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్ ఒకటి రెండు చుక్కలు కలుపు, థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో మొన తుడుస్తూ ఉండు. గాలి ముందు, రంగు తర్వాత. ఆపేటప్పుడు రంగు ముందు, గాలి తర్వాత. ఖాళీ ప్లాస్టిక్ సీసాకి ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత) కొట్టి, వేలికి ఇది అలవాటయ్యేదాకా దాని మీదే గీస్తూ ఉండు.

నీ మిగ్-21 సంగతి. 1963లో వచ్చి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకునేలోపు మన వాయుసేనలో అది చాలా వేషాలు మార్చింది. వెండి రంగు విమానంతో మాత్రం మొదలుపెట్టకు. ఆల్‌క్లాడ్ కంపెనీ మెరుపు రంగుల్లో చాలావాటికి కింద నిగనిగలాడే నలుపు వెయ్యాలి, ఆ నలుపులో ఉన్న ప్రతి గీతా వేలిముద్రా పైకి కనిపిస్తుంది. ముందు మిగ్-21లో చివరి రకమైన బైసన్ బూడిద రంగు వేసి చెయ్యి కుదుర్చుకో. తర్వాత 1971 యుద్ధం నాటిది చెయ్యి. మెరిసే విమానాలకి అప్పటికప్పుడు ముదురు పచ్చ పట్టీలు పూశారు. టేపు వెయ్యకుండా అలాంటివి పుయ్యడానికే ఎయిర్‌బ్రష్ ఉన్నది.

బ్రష్ కడగడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవక. బొమ్మ మీద పడనివ్వకు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ముందు కప్పు కడిగి, ఆ తర్వాతే సూది వెనక్కి లాగు, లేకపోతే రంగంతా ట్రిగ్గర్ లోపలికి పోతుంది. బ్రష్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టకు, రబ్బరు రింగులు ఉబ్బుతాయి. గుడ్డ మాస్కు, ఎన్-95 థిన్నర్ ఆవిరిని ఆపవు. కార్బన్ కార్ట్రిడ్జ్‌లు ఉన్న మాస్కు కొనుక్కో, బాల్కనీలో కూర్చో. మీ అమ్మ పొయ్యి వెలిగించి ఉన్నప్పుడు వంటింటి పక్కన థిన్నర్ సీసా తెరవొద్దు.

కొట్లో ఒకటి అడుగు: ఆ బ్రష్‌కి నాజిల్, సూది విడిగా దొరుకుతాయా అని. దొరకవంటే ఎంత చవకైనా వదిలెయ్.

మీ మామయ్య
విశాఖపట్నం