శాకాహారులకు సరిపడే బరువు తగ్గే ప్రణాళిక ఏది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయసు 43 సంవత్సరాలు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వాడము. జిమ్‌లో ఇచ్చిన చార్టులో గుడ్డు తెల్లసొన, చికెన్ ఉన్నాయి. శాకాహారినని చెబితే చికెన్ స్థానంలో పనీర్ తినమన్నారు. అలాగే చేశాను కానీ బరువు తగ్గలేదు. బంధువులు పంపిన మరో చార్టులో ఓట్స్, కినోవా, బ్రోకలీ తప్ప మన వంట ఒక్కటీ లేదు. దానితో త్వరలోనే విసుగు వచ్చింది. మావంటి వారికి తగిన ప్రణాళికను ఎలా గుర్తించాలి?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉన్నదో చెప్పే అంకె) 31కి దగ్గరగా ఉన్నది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కిస్తారు కాబట్టి మీరు బరువు తగ్గాలనుకోవడం సబబే. అయితే మొదటి లక్ష్యం మీ ఎత్తుకు తగిన 55 కిలోలు కానక్కరలేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, అంటే 4 నుంచి 7 కిలోలు తగ్గి, ఆ బరువు దగ్గర నిలబడగలిగినా రక్తపోటు, చక్కెర, మోకాళ్ల నొప్పుల విషయంలో తేడా కనిపిస్తుంది.

పనీర్‌తో మీకు ఎదురైన ఇబ్బంది చాలామంది శాకాహారులకు ఎదురయ్యేదే. మాంసాహారుల కోసం తయారుచేసిన చార్టులో ఒక పేరు కొట్టివేసి మరొక పేరు రాస్తే అది శాకాహార ప్రణాళిక అయిపోదు. 100 గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో సుమారు 120 కేలరీలతో 22 గ్రాములకు పైగా ప్రోటీన్ లభిస్తుంది. అంతే ప్రోటీన్ పనీర్ నుంచి రావాలంటే 120 గ్రాములకు తక్కువ కాకుండా తినాలి, దానితోపాటు 300కు మించిన కేలరీలు, వాటిలో అధికభాగం కొవ్వు రూపంలో వచ్చి చేరతాయి. పోనీ కందిపప్పుతో సరిపెట్టుకుందామన్నా, 100 గ్రాముల పప్పులో 22 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 330 కేలరీల పైచిలుకు ఉంటాయి. మన ఆహారంలో ప్రోటీన్ ఒంటరిగా రాదు. పప్పులలో పిండిపదార్థంతోను, పాలు, పనీర్, వేరుశనగలలో కొవ్వుతోను కలిసి వస్తుంది. అందువల్ల శాకాహారి ప్రోటీన్ పెంచుకోవాలంటే దానికి చోటు ఇవ్వడానికి మరేదో తగ్గాలి, మన ఇళ్లలో తగ్గగలిగినది అన్నమే. అన్నం ఉన్నంత ఉండగా పైన పనీర్ కూర చేరినందువల్లనే మీ బరువు కదలలేదని నా అభిప్రాయం.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను వెలువరించింది. అందులో రోజుకు 2000 కేలరీల పళ్లెం ఎలా ఉండాలో చెప్పారు: ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వులు, బాదం వంటివి 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూచవలసిన పచ్చి సరుకుల తూకాలని గుర్తుంచుకోవాలి. డబ్బు పెట్టి కొనే చార్టుల కంటే ఇది మేలైన పునాది అని నా నమ్మకం, ఎందుకంటే ఇందులో ఉన్నవన్నీ మన కిరాణా కొట్టులో, రైతుబజారులో దొరికేవే.

మీ విషయంలో దీనిని కొద్దిగా సవరిస్తే చాలు. ధాన్యాలను 150 గ్రాములకు, గింజలను 25 గ్రాములకు, నూనెను 20 గ్రాములకు తగ్గించి, పప్పు, కూరగాయలు, పెరుగు, పండును యథాతథంగా ఉంచితే సుమారు 1500 కేలరీలు, 55 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. మీ ఎత్తుకు తగిన బరువును బట్టి చూస్తే ఈ ప్రోటీన్ సరిపోతుంది. ఉదయం నానబెట్టిన పెసలతో వేసిన పెసరట్టు, లోపల ఉప్మా లేకుండా, అల్లం పచ్చడితో తినవచ్చు. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలోకి పాలకూర పప్పో, గోంగూర పప్పో గట్టిగా ఉండాలి. పప్పుచారును లెక్కలో వేసుకోవద్దు, అందులో పప్పు కంటే నీరు ఎక్కువ. బీరకాయ, సొరకాయ, వంకాయ, గోరుచిక్కుడు వంటి కూర అన్నంలో నంజుకోవడానికి అన్నట్లు కాక అన్నంతో సమానంగా పళ్లెంలో కనిపించాలి. సాయంత్రం శనగల గుగ్గిళ్లు, రాత్రి ఒకటి రెండు జొన్నరొట్టెలు, కూర, పెరుగు. బంగాళాదుంప, చేమగడ్డ, కంద కూరగాయల తూకంలోకి రావు, ధాన్యాల తూకంలోకి వస్తాయి.

నూనె సంగతి విడిగా చెప్పాలి. పప్పు, కూర, పచ్చడి, చారు అన్నింటికీ తాలింపు పెట్టే అలవాటు ఉన్నందువల్ల శాకాహారుల ఇళ్లలో నూనె ఎంత ఖర్చవుతున్నదో చాలామందికి తెలియదు. చెంచాలు లెక్కపెట్టుకోనవసరం లేదు, నెల సరుకుల చీటీ చూస్తే చాలు. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నెలకు 900 మిల్లీలీటర్లు, నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్ల పైన కొద్దిగా, అదీ నెయ్యి కలుపుకొని. మీ ఇంట్లో 6 లీటర్లు అయిపోతున్నట్లయితే ఏ చార్టూ పని చేయదు. దొండకాయ, బెండకాయ వేపుళ్లను మూతపెట్టి మగ్గించే కూరలుగా మార్చుకోండి. ఆవకాయ మానమని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. ముక్క తినండి, ఊట నూనెను మాత్రం అన్నంలో కలుపుకోకండి.

ప్రణాళికను గుర్తించడమెలా అని అడిగారు. ఎవరు ఇచ్చినా రెండు విషయాలు చూడండి. మొదటిది, ప్రతి పూటలోనూ ప్రోటీన్ దేని నుంచి వస్తుందో అందులో రాసి ఉన్నదా. 'ఫ్రూట్ సలాడ్', 'వెజిటబుల్ సూప్', 'రెండు పుల్కాలు' అని మాత్రమే ఉన్న చార్టు మాంసాన్ని తీసివేసిన చార్టే తప్ప శాకాహారికోసం ఆలోచించి రాసినది కాదు. దానితో బరువు కొంత తగ్గినా కండ కూడా కరిగిపోతుంది, జుట్టు రాలుతుంది. రెండవది, ఆ వంటలు మీ ఇంటిల్లిపాదీ తినగలిగినవా. మీకోసం రోజూ వేరే వంట చేసుకోవలసి వస్తే ఆ పద్ధతి ఎన్నాళ్లు నిలుస్తుందో మీకే తెలుసు.

ప్రశ్న: నెలలో 10 కిలోలు తగ్గిస్తామని, పూర్తిగా శాకాహారమేనని చెప్పి ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. రెండు పూటలు వారి పొడి, ఒక పూట సలాడ్. చేరవచ్చునా?
– ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు

జవాబు: కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు కావాలి. 10 కిలోలకు 77,000. దానిని 30 రోజులకు పంచితే రోజుకు 2500కు పైగా కేలరీల లోటు ఏర్పడాలి. మీరు రోజంతా తినేదే అంత ఉండకపోవచ్చు. కనుక తూకంలో 10 కిలోలు తగ్గినట్లు కనిపించినా అందులో నీరు, కండ చాలా ఉంటాయి, మామూలు భోజనం మొదలుపెట్టగానే చాలావరకు తిరిగి వస్తాయి. పైగా మరీ వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉన్నది. వారానికి అర కిలో చొప్పున తగ్గడం సురక్షితమని, బరువు తగ్గే ఆహారం రోజుకు 1000 కేలరీలకు తగ్గరాదని పైన చెప్పిన మార్గదర్శకాలే చెబుతున్నాయి. చేరవద్దు.

ప్రశ్న: బియ్యం మానేసి పూర్తిగా కొర్రలు, సామలు తింటున్నాను. అయినా బరువులో మార్పు లేదు. కారణమేమిటి?
– ఒక వ్యాపారి, కరీంనగర్

జవాబు: బియ్యం, కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు అన్నీ 100 గ్రాములకు 320 నుంచి 360 కేలరీల మధ్యనే ఉంటాయి. చిరుధాన్యాలలో పీచు ఎక్కువ, అందువల్ల తొందరగా కడుపు నిండుతుంది. ఆ లాభాన్ని ఉపయోగించుకొని తక్కువ తింటేనే బరువు తగ్గుతారు. 'ఆరోగ్యానికి మంచిది కదా' అని మరో ముద్ద వేసుకుంటే ఆ లాభం పోతుంది. ధాన్యం మార్చినంత శ్రద్ధతో దాని పరిమాణం కూడా మార్చండి.

ప్రశ్న: ఏకాదశి, శనివారం ఉపవాసం ఉంటాను, కార్తీకంలో నక్తాలు చేస్తాను. ఇన్ని ఉపవాసాలు చేస్తున్నా లావు తగ్గడం లేదు సరికదా, కార్తీకమాసం వెళ్లేసరికి కొంత పెరుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉపవాసం చేయడంలో తప్పు లేదు, అది విడిచేటప్పుడు తినే పదార్థాలను చూడాలి. సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పిండిపదార్థమే, 100 గ్రాములకు 350 కేలరీలున్నా ప్రోటీన్ లేనట్లే లెక్క. దానితో నెయ్యి వేసిన కిచిడీ, పైగా పాయసం చేసుకుంటే మానిన భోజనం కంటే ఎక్కువే అవుతుంది. ఏకాదశికి ధాన్యాలు, పప్పులు రెండూ నిషిద్ధమని పాటించేవారు పండ్లు, మజ్జిగ, పెరుగుతో గడపడం మేలు. శనివారం రాత్రి అన్నం మాత్రమే మానే ఇళ్లలో ఆ స్థానాన్ని ఉప్మా, పూరీ, నూనె దోసె ఆక్రమిస్తున్నాయి. పప్పుకు అభ్యంతరం లేని రోజు కాబట్టి పెసరట్టో, ఇడ్లీతో పలుచన కాని సాంబారో, ఉడికించిన అలసందలో తీసుకోండి. నక్తాల విషయానికి వస్తే, పగలంతా ఆకలితో ఉండి చుక్కలు చూశాక ఒక్కసారిగా కూర్చోవడం వల్ల పులిహోర, దద్ధ్యోజనం పరిమితి తెలియకుండా లోపలికి వెళ్తాయి. ముందు ఒక గ్లాసు మజ్జిగ, ఒక గిన్నెడు కూర తిని ఆ తరువాత అన్నం పెట్టుకోండి.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాము. ఇక్కడ వెయిట్ వాచర్స్, కీటో, మెడిటరేనియన్, ఆర్నిష్ అని రకరకాల ప్రణాళికలున్నాయి. పాలు, పెరుగు తినే తెలుగు శాకాహారులకు వీటిలో ఏది నప్పుతుంది?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, న్యూజెర్సీ

జవాబు: కీటోను పక్కన పెట్టండి. అందులో పిండిపదార్థాలు సాధారణంగా రోజుకు 20 నుంచి 50 గ్రాములు దాటరాదు. మనకు రోజుకు కావలసిన 85 గ్రాముల పప్పులోనే దాదాపు అంత ఉంటుంది. పప్పు కూడా వదులుకున్న శాకాహారికి మిగిలేవి పనీర్, చీజ్, నూనె, గింజలు. కొన్నేళ్ల క్రితం తెలుగు రాష్ట్రాలలో కొబ్బరినూనె తాగి బరువు తగ్గే పద్ధతి ఊపందుకున్నప్పుడు కొందరు వేగంగా తగ్గిన మాట నిజమే కాని, శాకాహారులు ఏళ్ల తరబడి ఆ భోజనం చేయడం చాలా కష్టం.

అమెరికా వైద్యుడు డీన్ ఆర్నిష్ పద్ధతి శాకాహారమే. గుండె జబ్బు ఉన్నవారిపై దానిని పరీక్షించిన ఫలితాలు 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కేలరీలలో కొవ్వు వాటా 10 శాతమే కనుక తాలింపుకూ చోటుండదు. పట్టుదల ఉన్నవారికి మంచిదే, చాలామందికి కఠినం. మధ్యధరా సముద్ర తీర దేశాల భోజనమైన మెడిటరేనియన్ పద్ధతిలో చేపలు ఉన్నా అవి తీసివేస్తే మిగిలే శనగలు, రాజ్మా, కూరగాయలు, గింజలు, పెరుగు మన భోజనానికి బాగా దగ్గర. అయితే ఆలివ్ నూనె మంచిదన్న ధీమాతో ధారాళంగా పోస్తే అదీ గ్రాముకు 9 కేలరీలే. 1963లో న్యూయార్క్‌లో మొదలైన వెయిట్ వాచర్స్ పద్ధతి పదార్థాలను నిషేధించదు, పాయింట్లు ఇస్తుంది. ఏది తిన్నా లెక్క తెలియాలి అనుకునేవారికి అది నప్పుతుంది, కానీ పులుసు, పొడి, పచ్చడి వంటి ఇంటి వంటలకు పాయింట్లు కట్టుకునే ఓపిక ఉండాలి.

మీరు అక్కడ ఉండడం వల్ల ఒక సౌకర్యం ఉన్నది. వెన్న తీసిన గ్రీక్ యోగర్ట్‌లో 100 గ్రాములకు 60 కేలరీలతో 10 గ్రాముల ప్రోటీన్ దొరుకుతుంది. మామూలు పెరుగులో ఇది 3 గ్రాములకు కొద్దిగా పైన మాత్రమే. గ్రీక్ యోగర్ట్‌ను చిలికి మజ్జిగపులుసు చేసుకోవచ్చు. టోఫు (సోయాపాలతో చేసే పనీర్ వంటిది) ముక్కలు పాలకూరలోను, మెంతికూరలోను బాగా కలిసిపోతాయి. ఈ రెండూ తీసుకుంటే అన్నం తగ్గించినందుకు ఆకలి అంతగా బాధించదు.

ప్రశ్న: నా వయసు 58. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. శాకాహారిని. బరువు తగ్గడానికి రాత్రి భోజనం, పాలు పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను.
– ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జవాబు: వైద్యునితో మాట్లాడకుండా రాత్రి భోజనం మానవద్దు. గ్లిమెపిరైడ్ వేసుకొని తినకుండా ఉంటే నిద్రలోనే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. భోజనాన్ని తేలిక చేసుకోండి, చాలు: ఒక రొట్టె, ఎక్కువ కూర, కాస్త పప్పు. పాలు మానడం కూడా మీకు తగదు. విటమిన్ బి12 సహజంగా జంతు సంబంధ ఆహారంలోనే దొరుకుతుంది, శాకాహారికి పాలు, పెరుగే ఆధారం, పైగా దీర్ఘకాలం మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉన్నది. అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే మధుమేహం వల్లనే అనుకొని ఊరుకుంటారు, బి12 లోపం వల్ల కూడా అవి రావచ్చు. ఈసారి చక్కెర పరీక్షతో పాటు బి12 కూడా చూపించుకోండి. గేదెపాలు వాడుతుంటే మీగడ తీసివేయండి, లేదా టోన్డ్ పాలకు మారండి. బరువు తగ్గడం మొదలైన తరువాత ఇంట్లో చక్కెర తరచుగా చూసుకుంటూ ఆ అంకెలు వైద్యునికి చూపండి, మాత్రల మోతాదు తగ్గించవలసి రావచ్చు.