ఎంఏఎస్ పెంచే ముందు టేబుల్ ఎత్తు చూడండి

మీరు అడిగింది: 16 స్లైస్ మెషీన్‌లో పొట్ట సీటీలు ఇసుక జల్లినట్టు గరుగ్గా, అడ్డ చారలతో వస్తున్నాయి, ఎంఏఎస్ (ట్యూబ్ కరెంట్ ఎంఏను సెకన్లతో గుణించిన లెక్క, ఎన్ని ఎక్స్‌రేలు వెలువడాలో చెప్పేది) పెంచేస్తే సరిపోతుందా అని.

గరుకు తగ్గుతుంది. కానీ ఆ గరుకు, అంటే నాయిస్, సగానికి దిగాలంటే ఎంఏఎస్ నాలుగింతలు చేయాలి. రోగికి తగిలే రేడియేషన్ డోసూ నాలుగింతలవుతుంది, ట్యూబ్ వేడి సరేసరి. అందుకని దాన్ని చివరికి ఉంచండి.

ముందు పక్క లేజర్ గీత చూడండి. అది మనిషి మందానికి సరిగ్గా సగంలో, చంక మధ్య నుంచి పోవాలి. హడావుడిలో 3, 4 సెంటీమీటర్లు కిందికి ఉంచేయడం మామూలే. గాంట్రీలో, అంటే మనిషి దూరే గుండ్రటి చట్రంలో, కిరణాలను వడకట్టే బో-టై ఫిల్టర్ నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. మనిషి మధ్యలో లేకపోతే, ఎక్కువ కిరణాలు కావలసిన మందమైన భాగానికే తక్కువ అందుతాయి. పైగా ఇంకో తిరకాసుంది. ట్యూబ్ పైన ఉండగా టోపోగ్రామ్ (స్కాన్‌కు ముందు ప్లాన్ కోసం తీసే చిత్రం) తీస్తే, కిందికున్న మనిషి నీడ చిన్నదిగా పడుతుంది. మనిషి మందాన్ని బట్టి కరెంట్ మార్చే ఆటో ఎంఏ ‘సన్నటి మనిషి’ అనుకుని కరెంట్ తగ్గించేస్తుంది. ట్యూబ్ కింద ఉంటే ఇదే తిరగబడి డోసు ఊరికే పెరుగుతుంది. ఎత్తు సరిచేశాక టోపోగ్రామ్ మళ్లీ తీయండి, పాతదాంతో నడిపించొద్దు.

అడ్డ చారలకు ముందుగా అనుమానించాల్సింది చేతులను. పక్కన పెట్టుకుంటే కిరణం రెండు చేతులూ, నడుమూ దాటాలి, అవతల డిటెక్టర్‌కు చేరేది కొంచెమే. చేతులు తల పైకి పెట్టించండి. భుజం విరిగినవాళ్లకు ఒక చెయ్యైనా పైకి, రెండోది పొట్ట మీద దిండేసి దానిపైన. మొలతాడుకున్న తాయెత్తు, లంగా హుక్కు, ఈసీజీ తీగలు కూడా చూసుకోండి. అడిగితే ‘ఏమీ లేవండీ’ అంటారు, టోపోగ్రామ్‌లో కనిపిస్తాయి.

తర్వాత రీకన్‌స్ట్రక్షన్, అంటే స్కాన్ డేటా నుంచి చిత్రం కట్టడం. 1.25 మిల్లీమీటర్ల స్లైస్‌ను షార్ప్ కెర్నెల్‌లో (అంచులను పదును చేసే చిత్ర ఫిల్టర్) చూస్తే ఏ మెషీన్‌లోనైనా గరుగ్గానే ఉంటుంది. అదే రా డేటాను సాఫ్ట్ కెర్నెల్‌తో 5 మిల్లీమీటర్లకు మళ్లీ కట్టండి, ఒక్క మందం వల్లే నాయిస్ దాదాపు సగమవుతుంది, అదనపు డోసు లేకుండా. రా డేటా చెరిగిపోకముందే చేయాలి. కిడ్నీ రాళ్లకు మాత్రం 3 మిల్లీమీటర్లు దాటొద్దు, చిన్న రాయి 5లో కలిసిపోతుంది. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఇటరేటివ్ లెవెల్‌ను చివరిదాకా తోస్తే కాలేయం ప్లాస్టిక్‌లా నున్నగా అయి, పలచటి మచ్చలు మాయమవుతాయి.

చారలు గుండ్రంగా ఉంటే కథ వేరు. గాంట్రీ కిటికీ మీద ఎండిన కాంట్రాస్ట్ మందు చుక్కలుంటే తడిగుడ్డతో తుడిచి, ట్యూబ్ వార్మప్ అయ్యాక ఎయిర్ కాలిబ్రేషన్ (గాంట్రీ ఖాళీగా ఉంచి డిటెక్టర్లను సరిచేయడం) చేయండి. అయినా రింగు అక్కడే ఉంటే డిటెక్టర్ మాడ్యూల్, ఇంజినీర్‌ను పిలవాల్సిందే.

ఇవన్నీ అయ్యాక, భారీకాయులకు ఎంఏఎస్ పెంచండి. ఎంఏ గరిష్ఠాన్ని తాకితే రొటేషన్‌ను 0.5 నుంచి 0.8 సెకన్లకు మార్చండి, లేదా ట్యూబ్ వోల్టేజ్ 120 కేవీని 140 చేయండి. ఎఫెక్టివ్ ఎంఏఎస్‌తో (ఎంఏఎస్‌ను పిచ్‌తో భాగించినది) నడిచే మెషీన్లలో, ఎంఏ గరిష్ఠాన్ని తాకనప్పుడు, పిచ్ (ఒక చుట్టుకు టేబుల్ కదిలే దూరం, కిరణం వెడల్పుతో పోలిస్తే) తగ్గించి లాభం లేదు, ఎంఏ దానికదే తగ్గిపోతుంది.