గురుడి ఉపగ్రహాలు కంటికి కనబడుతున్నాయి, ఫోటోలో ఎందుకు రావడం లేదు?

మీ 130 మి.మీ. టెలిస్కోపులో గురుడి పక్కన నాలుగు చుక్కలూ కంటికి చక్కగా కనబడుతున్నాయి. ఫోటో తీస్తే మాత్రం గురుడి పట్టీలు వచ్చినప్పుడు చుక్కలు పోతున్నాయి, చుక్కలు వచ్చినప్పుడు గురుడు తెల్లటి ముద్దవుతున్నాడు. దీనికి దారేమిటి, మిగతా గ్రహాల ఉపగ్రహాలు కూడా దొరుకుతాయా అని అడిగారు. మీ టెలిస్కోపులో లోపమేమీ లేదండీ. గురుడి వెలుగుకూ చుక్కల వెలుగుకూ ఉన్న తేడాకు కన్ను సర్దుకున్నంతగా కెమెరా సర్దుకోలేదు.

నేనైతే రెండు ఎక్స్‌పోజర్లు విడివిడిగా తీస్తాను. పట్టీల కోసం 1/60 సెకను దగ్గర మొదలుపెట్టి ఒకటి, ఏదీ కదపకుండా వెంటనే ఉపగ్రహాల కోసం అర సెకను దాకా ఇంకొకటి. తర్వాత రెండోదాంట్లోని తెల్లటి ముద్ద స్థానంలో మొదటిదాంట్లోని గురుడిని పెడతాను. రెండు ఫోటోలు కలిపానని కింద రాస్తే చాలు, అది నిజాయితీ గల ఫోటోనే. మీ స్టాండుకు మోటారు లేకపోతే అర సెకను ఎక్కువ. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) చొప్పున జరిగిపోతుంది, చుక్క గీత అయిపోతుంది. అప్పుడు 1/8 సెకను దాటకుండా ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) పెంచుకోండి. అది సరిపోతుంది, ఎందుకంటే ఇవి మనం అనుకునేంత మసక చుక్కలు కావు. గానిమీడ్ 4.6, అయో 5, యూరోపా 5.3, కాలిస్టో 5.7 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి. మాగ్నిట్యూడ్ అంటే వెలుగును చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ. పక్కన గురుడి వెలుగు లేకపోతే చీకటి ఆకాశంలో ఉత్త కంటికే అందేవి.

ఫోకస్ మాత్రం గురుడిని చూసి పెట్టకండి. గురుడి అంచు ఎప్పుడూ కొంచెం మెత్తగానే ఉంటుంది, ఎక్కడ ఆగాలో తెలియదు. ఉపగ్రహాన్ని చూస్తూ తిప్పండి, అది అతి చిన్న చుక్కయిన చోట ఆపండి.

కానీ నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. పెద్ద అద్దం గురించీ, ఎక్కువ మాగ్నిఫికేషన్ గురించీ ఆలోచించే ముందు వేళ చూసుకోండి. ఏ ఉపగ్రహం ఎప్పుడు గురుడి ముందు నుంచి వెళ్తుందో, ఎప్పుడు నీడలోకి పోతుందో నిమిషాలతో సహా ముందే తెలుస్తుంది. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో సమయం ముందుకు జరిపి చూస్తే చాలు. అయో ఒక చుట్టు తిరగడానికి 42 గంటలన్నర పడుతుంది, అంటే ఏదో ఒకటి తరచుగా జరుగుతూనే ఉంటుంది. మేఘాల పైన నల్లటి సిరాచుక్కలా ఉపగ్రహం నీడ జరిగే దృశ్యం మీ 130 మి.మీ.లో బాగానే కనబడుతుంది. ఆ సమయంలో వీడియో తీసి మంచి ఫ్రేములను ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలపండి, కానీ ఒక్కో వీడియో రెండు మూడు నిమిషాలు మించనివ్వకండి. గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. అయో నీడ కూడా మూడు నిమిషాల్లో దాదాపు ఒక ఆర్క్ సెకను జరుగుతుంది. అంతకన్నా సాగదీస్తే నీడ చెదిరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి గ్రహణాలు. గురుడు సూర్యుడికి ఎదురుగా వచ్చే రోజులు దాటాక, ఉపగ్రహం గురుడి అంచు దగ్గర కాకుండా, పక్కన ఖాళీగా ఉన్న ఆకాశంలో నీడ నుంచి బయటపడుతుంది. ఏమీ లేని చోట చుక్క పుట్టి, చూస్తుండగానే కొద్ది నిమిషాల్లో పూర్తిగా వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. 1676లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్ లెక్క కట్టింది అయో గ్రహణాలనే. భూమి గురుడికి దూరమయ్యే కొద్దీ అవి ఆలస్యమవుతుంటే, కాంతికీ ప్రయాణించడానికి సమయం పడుతుందని గ్రహించాడు. అందుకే కెమెరా గడియారాన్ని ఫోన్ టైముతో సరిచూసుకోండి. వేళ తెలియని ఉపగ్రహాల ఫోటోకు సగం విలువ పోయినట్టే.

శనికి వస్తే టైటన్ తేలిక. 8.4 మాగ్నిట్యూడ్ ఉంటుంది, చిన్న టెలిస్కోపులోనే కనబడుతుంది. రియా, టెథిస్, డయోనీలకు చీకటి ఆకాశమూ, ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజరూ ఉంటే మంచిది. ఓపిక ఉంటే అయాపెటస్ పట్టుకోండి. శనికి పడమర వైపు ఉన్నప్పుడు 10 మాగ్నిట్యూడ్, తూర్పు వైపుకు వెళ్లేసరికి దాదాపు 12. దాని ఒక సగం మంచులా తెల్లన, ఇంకో సగం బొగ్గులా నల్లన. 1671లో దాన్ని కనుగొన్న ఖగోళ శాస్త్రవేత్త కాసినీకి మొదట్లో పడమర వైపే కనబడేది. ఒక చుట్టుకు 79 రోజులు కాబట్టి, పడమర చివర ఉన్నప్పుడు ఒక ఫోటో, నలభై రోజుల తర్వాత అదే ఎక్స్‌పోజర్‌తో ఇంకొకటి తీసి పక్కపక్కన పెట్టండి. వలయాల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న వెడల్పుకు పన్నెండు రెట్లు దాటిన దూరంలో ఉంటుంది గనుక మామూలు నక్షత్రమనుకుని వదిలేస్తారు, జాగ్రత్త.

అంగారకుడి ఉపగ్రహాలు ఇప్పుడే వద్దు. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఆసఫ్ హాల్ 1877లో వాటిని 26 అంగుళాల టెలిస్కోపుతో కనుక్కున్నాడు. గ్రహం వెలుగులోనే మునిగి ఉంటాయి.

యురేనస్ మాత్రం మసకగా ఉంటుంది కాబట్టి అంత ఇబ్బంది పెట్టదు. టైటానియా, ఒబెరాన్ రెండూ 14 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి, గ్రహానికి 30, 40 ఆర్క్ సెకన్ల దాకా దూరం జరుగుతాయి. నా 200 మి.మీ. టెలిస్కోపుతో, మోటారు స్టాండు మీద, పదేసి సెకన్ల ఫ్రేములు కలిపితే వచ్చాయి. అద్దాల్లో ప్రతిఫలించిన వెలుగు కూడా ఉపగ్రహంలా కనబడవచ్చు కాబట్టి గ్రహాన్ని ఫ్రేములో వేరే మూలకు జరిపి మళ్లీ తీయండి. ప్రతిఫలనమైతే దాని చోటు మారిపోతుంది, ఉపగ్రహమైతే గ్రహానికి అదే వైపున, అంతే దూరంలో ఉంటుంది. పక్కనే ఉన్న నక్షత్రం కూడా కావచ్చు, దానికి మర్నాడు ఇంకో ఫోటో తీసి పోల్చడమే మార్గం.