'41 వేల ఏళ్లకోసారి మారుతుంది' అనవచ్చా?

సందేహం: కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. సముద్రం అడుగున ఉన్న పురాతన పొరల వయసును భూకక్ష్యలో వచ్చే మార్పులతో ఎలా లెక్కగడతారో మా పిల్లల గోడపత్రికకు రాశాను. అందులో "భూమి వంపు 41 వేల ఏళ్లకోసారి మారుతుంది", "20 వేల ఏళ్ల పొర" అన్న మాటలు సరికాదని మా తెలుగు మాస్టారు అన్నారు. 'అవక్షేపం' (నీటి అడుగున పేరుకునే మట్టి) అన్న మాట కొట్టేసి 'మేట' అని రాయమన్నారు. ఆయన మాట ఒప్పేనా?

సమాధానం: మొదటి రెండూ మీ మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. మూడోదానిలో మాత్రం ఆయనతో ఏకీభవించలేను.

'ఏళ్లకు ఒకసారి' అన్నదే వాడుకలో 'ఏళ్లకోసారి' అయింది. ఈ 'ఒకసారి' అన్న మాటకు ఒక సంఘటన కావాలి. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయంటాం. గురుడు సింహరాశిలో ప్రవేశించడం ఒక ఘట్టం కాబట్టి ఆ వాడుక సరిపోతుంది. 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. భూమి వంపు, అంటే భూమి అక్షం ఒరిగి ఉండే కోణం, అలాంటిది కాదు. అది 22.1, 24.5 డిగ్రీల మధ్య ఆగకుండా, అతి నెమ్మదిగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఇప్పుడు 23.4 దగ్గర ఉంది, తగ్గుతోంది. మీ వాక్యం చదివిన పిల్లవాడు 41 వేల ఏళ్లు కదలకుండా ఉన్న భూమి ఒకనాడు ఉన్నట్టుండి ఒరిగిపోతుందని అనుకుంటాడు. తప్పు వాడిది కాదు, వాక్యానిది.

"వంపు ఒకసారి పెరిగి, తరిగి, మళ్లీ పూర్వస్థితికి రావడానికి సుమారు 41 వేల ఏళ్లు పడుతుంది" అని రాయండి. 'కోసారి' వాడాలనే ఉంటే "వంపు సుమారు 41 వేల ఏళ్లకోసారి గరిష్ఠానికి చేరుతుంది" అనండి. గరిష్ఠానికి చేరడం ఒక ఘట్టమే కనుక ఇబ్బంది లేదు. నిరంతరం సాగే కదలికకు మనకు 'చొప్పున' అనే చక్కటి మాట ఉంది. అయన చలనం (భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మార్చుకోవడం) గురించి చెప్పేటప్పుడు "దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతోంది" అంటే చదువరికి ఆ కదలిక కళ్లకు కడుతుంది. అసలైన ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లో మొదలైపోతుంటే మన మకర సంక్రాంతి జనవరి 14 దాకా జరగడం ఈ కదలిక వల్లనే.

"20 వేల ఏళ్ల పొర" సంగతి ఇంకా ముఖ్యం. తెలుగులో ఈ సమాసానికి రెండు అర్థాలు వస్తాయి: 20 వేల ఏళ్ల కిందటి పొర, పేరుకోవడానికి 20 వేల ఏళ్లు పట్టిన పొర. మామూలు రచనలో సందర్భం చూసి సరిపెట్టుకుంటాం. మీ వ్యాసంలో అలా కుదరదు, ఎందుకంటే మీరు వివరిస్తున్న పద్ధతే ఈ రెండింటి తేడా మీద నిలబడింది. సిసిలీ దీవి దక్షిణ తీరపు కొండచరియల్లో ఒకప్పటి సముద్రగర్భం తెలుపు, బూడిదరంగు చారలుగా పైకి తేలి కనిపిస్తుంది. అడుగు చార సుమారు 53 లక్షల ఏళ్ల కిందటిది. కానీ చారల వరుస ఒకసారి తిరగడానికి పట్టింది సుమారు 20 వేల ఏళ్లే. అయన చలనం, భూకక్ష్య దిశ మార్పు కలిసి వాతావరణాన్ని అటూ ఇటూ తిప్పి, దాంతో పొరల రంగునూ మార్చే వ్యవధి అది. ఇలాంటివి ఐదు కలిస్తే లక్ష ఏళ్లు, అంటే కక్ష్య కాస్త సాగి మళ్లీ గుండ్రబడే వ్యవధి. పొరల్లో ఈ ఐదేసి కట్టలు కనబడితే శాస్త్రవేత్తలకు గట్టి ఆధారం దొరికినట్టే. ఆపైన తేదీ తెలిసిన ఒక గుర్తును పట్టుకుని వ్యవధులను కూడుకుంటూ పోతే వయసు తేలుతుంది. వ్యవధికీ వయసుకూ ఒకే మాట వాడితే ఆ లెక్క ఎవరికి అర్థమవుతుంది?

ఈ లెక్క ఎంత నమ్మదగిందో పిల్లలకు తప్పక చెప్పండి. భూమి అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైంది 7 లక్షల 30 వేల ఏళ్ల కిందట అని అగ్నిశిలల ఆధారంగా అనుకునేవారు. 1990లో బ్రిటన్ శాస్త్రవేత్త షాకిల్టన్ బృందం సముద్రపు పొరలను కక్ష్య లెక్కలతో సరిచూసి, కాదు, 7 లక్షల 80 వేలకు దగ్గరలో అంది. తరవాత శిలలను మెరుగైన పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తే అవీ ఇటే మొగ్గాయి. అదే షాకిల్టన్ హేస్, ఇంబ్రీ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి 1976లో, భూకక్ష్య మార్పులే మంచుయుగాలను నడిపిస్తాయన్న మిలాంకోవిచ్ లెక్కలకు బలమైన రుజువు చూపింది మన హిందూ మహాసముద్రం దక్షిణ భాగం అడుగు నుంచి తీసిన మట్టితోనే. ఇక్కడ కూడా "కిందట" ఎక్కడ రావాలో, "పట్టింది" ఎక్కడ రావాలో గమనించండి.

ఇక 'మేట'. మంచి తెలుగు మాటే, అందులో అనుమానం లేదు. కానీ మీ ప్రాంతంలో "వరద తీశాక పొలంలో ఇసుక మేట వేసింది" అన్నప్పుడు రైతు గొంతులో బాధ ఉంటుంది. వరద తెచ్చి పడేసినది, ఉన్నట్టుండి వచ్చినది, తవ్వి పోసుకోవాల్సినది. లోతు సముద్రంలో వెయ్యేళ్లకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున దిగే సన్నటి బురదకు ఈ మాట తొడిగితే, లంకల్లో పెరిగిన పిల్లలకు వేరే దృశ్యం కనిపిస్తుంది. 'ఒండ్రు' కూడా నదిని గుర్తుచేసే మాటే. నా ఓటు 'పేరుకోవడం' అన్న క్రియకు: "అడుగున పేరుకున్న బురద పొరలు". 'అవక్షేపం' పరీక్షల్లో ఎదురయ్యే మాట కనుక ఒక్కచోట పరిచయం చేసి, మిగతా వ్యాసమంతా ఈ మాటలతోనే నడిపించండి.