ఎగ్జిస్టెన్స్‌కు చుట్టం ‘అస్తి’ కాదు, ‘తిష్ఠ’

ప్రశ్న: ‘ఎగ్జిస్టెన్స్’ అనే ఇంగ్లిషు మాట లాటిన్ నుంచి వచ్చిందని చదివాను. అందులోని ‘ఇస్ట్’, మన ‘అస్తిత్వం’లోని ‘అస్తి’ ఒకటేనా? దాని అసలు అర్థం ఏమిటి?

జవాబు: చదువుకునే రోజుల్లో నాకూ ఇదే అనుమానం వచ్చింది. ఒకటేనని చాలాకాలం నమ్మాను కూడా. అర్థం ఒకటే, చప్పుడూ దగ్గరగానే ఉంది, ఇంకేం కావాలి! కానీ మాటను విరవాల్సిన చోట విరిస్తే లెక్క మారిపోతుంది.

లాటిన్‌లో ఆ క్రియ ‘ఎక్స్‌సిస్తెరె’. ‘ఎక్స్’ అంటే బయటికి. ‘ఎగ్జిట్’లో ఉన్నదీ అదే. ‘సిస్తెరె’ అంటే నిలబెట్టడం, నిలబడడం. పాత లాటిన్ రచనల్లో ఈ క్రియకు బయటికి రావడం, పైకి లేవడం, కనబడడం అనే అర్థాలు ఉన్నాయి. దాగి ఉన్నది బయటపడి కంటి ముందు నిలిస్తే అది ‘ఉన్నట్టు’. ‘ఎక్స్’ చివర ‘స’ శబ్దం ఎలాగూ ఉంది కాబట్టి రెండో ‘స’ రాతలో జారిపోయింది. మిగిలిన ‘ఇస్ట్’ ముక్క చూసి మనం ‘అస్తి’ అనుకుంటాం.

నాకు మరీ ఇష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. సంస్కృతం నేర్చుకునేటప్పుడు నిలబడడం అనే అర్థమున్న ‘స్థా’ ధాతువుకు ‘తిష్ఠ’ ఆదేశం వస్తుందని, అంటే దాని స్థానంలో ‘తిష్ఠ’ చేరుతుందని, రూపం ‘తిష్ఠతి’ అవుతుందని మాచేత బట్టీ పట్టించారు. ఎందుకలా అని అడిగితే జవాబు రాలేదు. ఏళ్ల తర్వాత లాటిన్ వ్యాకరణం తెరిస్తే, నిలబడడం అనే ‘స్తారె’ పక్కనే ‘సిస్తెరె’ కనిపించింది. ధాతువులోని హల్లునే ముందుకు తెచ్చి ఇంకోసారి పలకడం! స్థా, తిష్ఠ. స్తా, సిస్త. గ్రీకు ‘హిస్తేమి’ కూడా ఆ తీరే. ఆ రాత్రి నాకు పుస్తకం మూయబుద్ధి కాలేదు. ‘వచ్చి తిష్ఠ వేశాడు’ అని మనం రోజూ అనే మాటకూ, తత్వవేత్తల ఎగ్జిస్టెన్స్‌కూ వేరు ఒకటే.

మరి ‘అస్తి’ చుట్టాలెవరు? లాటిన్ ‘ఎస్త్’, అంటే ‘ఉంది’. అదే క్రియకు ‘ఎస్సె’ అనే రూపం ఉంది, ఎసెన్స్ దాని నుంచే పుట్టింది. ఇంకొకటి మీరు బడిలో రోజూ విన్నదే: అబ్‌సెంట్, ప్రెజెంట్. వాటి చివర ఉన్న ముక్క, ‘ఉన్నది’ అనే అర్థమున్న సంస్కృత ‘సత్’ శబ్దం, ఒకే తల్లి పిల్లలు. దూరంగా ఉన్నవాడు అబ్‌సెంట్, ఎదుట ఉన్నవాడు ప్రెజెంట్.

ప్రశ్న: ‘ఉనికి’ కూడా సంస్కృతమేనా?

జవాబు: కాదండీ, అచ్చ తెలుగు. ‘ఉండు’ కుటుంబంలోది. బతకడం అనే ‘మను’ నుంచి ‘మనికి’ వచ్చినట్టే ఇదీ వచ్చింది. తమిళ ‘ఉండు’, కన్నడ ‘ఉంటు’ దీని అక్కచెల్లెళ్లు.