ఇంజన్ మార్చిన పాత స్ప్లెండర్‌లో స్పార్క్ రాకపోవడం

పాత స్ప్లెండర్ బైకుకు ఇంజన్ మార్పించి, ఛాసిస్‌కు పెయింటు కూడా వేయించాక స్పార్క్ రావడం లేదని అడిగారు కదా. సీడీఐ (స్పార్క్‌ను సరైన సమయానికి రప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె), ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గు కొత్తవి వేసినా రావడం లేదంటే, ఆ పెయింటే ఎర్తును, అంటే కరెంటు ఛాసిస్ ఇనుము ద్వారా తిరిగి వెళ్లే దారిని, అడ్డుకుంటూ ఉండవచ్చు.

1. ఇగ్నిషన్ కాయిల్ బోల్టును, ఇంజన్ మౌంటింగ్ బోల్టులను విప్పి, అవి ఆనే చోట ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో గీకండి. ఆకుపచ్చ ఎర్తు వైరు గట్టిగానే బిగించాం కదా అనుకుంటారు గాని, దాని రింగు కింద పెయింటు పొర మిగిలి ఉందేమోనని చాలామంది చూడరు.

2. మల్టీమీటరును ఓమ్స్‌లో (నిరోధం కొలిచే సెట్టింగులో) పెట్టి, సిలిండర్ హెడ్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే రీడింగు దాదాపు సున్నా రావాలి.

3. అప్పటికీ స్పార్క్ లేకపోతే మాగ్నెటో (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే భాగం) నుంచి వచ్చే పల్సర్ కాయిల్ కప్లర్‌ను, అంటే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో సీడీఐకి సంకేతం పంపే కాయిల్ వైర్ల జాయింటును, పరీక్షించండి.

బండి స్టార్ట్ అయ్యాక, కొత్త ఇంజన్ నంబరును ఆర్టీఓ కార్యాలయంలో ఆర్సీలో నమోదు చేయించుకోండి.